ఏడాది నిండనిదే తేలని రంగు

తెలుగు పల్లెల్లో కోడిపుంజుకు పేరు దాని ఈకను బట్టి వస్తుంది. ఒళ్లంతా నల్లనిది కాకి, తెల్లనిది సేతువ, ఎర్రనిది డేగ. మెడ మీద నలుపు తెలుపు ఈకలు సరిసమానంగా కలిసి ఉంటే పర్ల, మెడ ఈకలు నల్లగా ఉంటే సవల, రెక్కల మీదా వీపు మీదా పసుపు ఈకలు పరుచుకుని ఉంటే నెమలి, నలుపు ఎరుపు పసుపు మూడూ కలిస్తే కౌజు, ఎరుపులో బూడిద రంగు కలిస్తే మైల, బంగారు వన్నె అయితే అబ్రాసు, ఒక్కొక్క ఈకలోనే నలుపు తెలుపు ఎరుపు చేరితే పూల. పింగళ, గేరువా, కొక్కిరాయి, ముంగిస వంటి పేర్లు ఇంకా ఉన్నాయి. సీమ మారితే పేరుకు అర్థం కూడా కాస్త జరుగుతుంది. కుక్కుట శాస్త్రం పేరుతో చలామణిలో ఉన్న రచనలు ఈ పేర్లను పందెపు తిథివారాలకు ముడిపెట్టాయి గనుక చదువుకున్నవారిలో చాలామంది వీటిని జూదపు మాటలుగా భావించి పక్కన పెట్టారు. అది నష్టం కలిగించిన తీర్పు. జూదాన్ని తీసివేసి చూస్తే ఈ పదజాలం ఈక వర్ణాన్ని విడదీసి చెప్పే చక్కని దేశీయ వర్గీకరణ, అందులో ఒక విషయం ప్రత్యేకంగా గమనించదగినది: ఈ పేర్లన్నీ ఎదిగిన పక్షివి. పిల్ల నూగుకు ఇలాంటి పేర్ల వరుస లేదు, ఎందుకంటే పిల్ల రంగు నిలిచే రంగు కాదు.

అందం కోసం, జాతి లక్షణం కోసం కోళ్లను పెంచేవారికి అన్నిటికన్నా ముందుగా తెలియవలసిన సంగతి ఇదే. కోడి రంగు అనేది పుట్టుకతో పూసిన పూత కాదు. నూగు, బాల్యపు ఈక, యవ్వనపు ఈక, ఆ తరువాత ఏడాదికొకసారి వచ్చే కొత్త ఈక అనే వరుసలో క్రమంగా తేలే విషయం. ఈ వరుస తెలియక రెండు నెలల పిల్లను చూసి ఇది మంచిది, అది పనికిరాదు అని తేల్చేవారు మంచి వంశాలను చేతులారా పోగొట్టుకుంటారు.

శ్రీ సత్యసాయి జిల్లాలో పరిగి, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలకు ఈ విషయంతో ఉన్న సంబంధం పైకి కనిపించేదానికన్నా దగ్గరిది. కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉన్న ఈ మెట్ట భూముల్లో, కోలారు నుంచి చిత్తూరు, అనంతపురం పల్లెల దాకా వ్యాపించిన ఘాగస్ అనే నాటుకోడి జాతి ఉంది. హర్యానాలోని కర్నాల్‌లో ఉన్న జాతీయ పశు జన్యు వనరుల సంస్థ గుర్తించిన దేశీయ కోడి జాతుల్లో ఇది ఒకటి. ఆంధ్రప్రదేశ్‌తో ముడిపడిన అసీల్, కాళహస్తి, డంకి జాతులు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. ఘాగస్‌ను ఎక్కువగా సంచార కుటుంబాలు పెంచుతూ వచ్చాయి. దీని గుర్తు ముక్కు కింద, గొంతు దగ్గర గడ్డంలా వేలాడే వదులైన ఈకలు. పెట్టల్లో ఎక్కువగా కనిపించేది గోధుమ వన్నె. పుంజుకు రొమ్ము, తొడలు, తోక నీలి మెరుపున్న నలుపు, మెడా వీపూ బంగారం లేదా నారింజ వన్నె. ఒకే జాతిలో, ఒకే తల్లి పిల్లల్లో, పుంజుకూ పెట్టకూ ఇంత తేడా ఎందుకు వస్తుందన్నది ముందు ముందు తేలుతుంది. అసీల్ మరీ పెద్దది. పుంజు 4 నుంచి 5 కిలోలు, పెట్ట 3 నుంచి 4 కిలోలు తూగుతుంది, నింపాదిగా ఎదుగుతుంది, ఆ నింపాదితనమే దాని రంగును అంచనా వేయడాన్ని కష్టం చేస్తుంది.

కోడిని పందెం కోసం కాక ప్రదర్శన కోసం పెంచడం ఒక్కొక్క దేశంలో ఒక్కొక్క తీరున మొదలైంది. ఇంగ్లండులో 1835 చట్టం కోడిపందేలను నిషేధించిన పదేళ్లకు, 1845లో, లండన్ జంతుప్రదర్శనశాలలో తొలి కోళ్ల ప్రదర్శన జరిగింది. అమెరికాలో బోస్టన్ నగరం 1849లో ఆ పని చేసింది. పోటీ ఉన్నచోట కొలమానం కావాలి గనుక ప్రతి జాతికీ ఆకారం, తురాయి, కాలు, ఈక రంగు ఎలా ఉండాలో నిర్ణయించే ప్రమాణ గ్రంథాలు బ్రిటన్‌లో 1865లో, అమెరికాలో 1874లో వెలువడ్డాయి. అమెరికన్ ప్రమాణ గ్రంథంలో మన అసీల్‌కు 1981లో చోటు దక్కింది. అంతకు చాలా ముందే, 19వ శతాబ్దంలోనే, అసీల్ రక్తం ఇంగ్లండులోని కార్నిష్ అనే జాతిలో కలిసింది; ఆ కార్నిష్ నుంచే నేటి బ్రాయిలర్ కోళ్ల తండ్రి వంశాలు తయారయ్యాయి గనుక, ఊరి చివర దుకాణంలో తూకం వేసే తెల్ల బ్రాయిలర్ ఒంట్లో కూడా ఈ గడ్డ కోడి అంశ ఉంది.

మన దగ్గర ప్రదర్శన సంప్రదాయం చిలుకముక్కు కోడి చుట్టూ పెరిగింది. పొట్టిగా వంగిన ముక్కు, నేలను తాకే పొడవైన తోక, ముత్యంలాంటి తెల్ల కన్ను దీని అందానికి కొలతలు. తమిళనాడులోని దిండిగల్ పరిసరాల్లో కిళిమూక్కు విసిరివాల్ అనే పేరుతో వీటికి ప్రదర్శనలు జరుగుతాయి. ప్రకాశం జిల్లా వైపు కూడా చిలుకముక్కు పుంజుల అందాల పోటీలు నడుస్తున్నాయి. జంతువులను ఒకదానిపై మరొకదాన్ని ఉసిగొల్పడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. కత్తి కట్టకుండా, నెత్తురు చిందకుండా వంశాన్ని కాపాడే దారి ప్రదర్శన చూపిస్తుంది గనుక దాన్ని ఆదరించడం న్యాయం.

రంగు ఎలా పుడుతుందో తెలియాలంటే ఈక ఎలా పుడుతుందో ముందు తెలియాలి. చర్మంలో ఈకకొక గుంత ఉంటుంది. ఆ గుంత అడుగున కణాలు పెరిగి గట్టిపడి కెరటిన్ అనే మాంసకృత్తుగా మారి పైకి నెట్టుకొస్తాయి. మన గోళ్లు, వెంట్రుకలు కూడా కెరటిన్ కుటుంబానికి చెందినవే. ఈక పెరుగుతున్నంత సేపూ వర్ణకణాలు, అంటే రంగును తయారుచేసే కణాలు, దానిలోకి మెలనిన్ రేణువులను అందిస్తాయి. ఈ కణాలు గుడ్డులో పిండం ఉన్నప్పుడే వెన్నుపాము తయారయ్యే చోటి నుంచి బయలుదేరి చర్మమంతా పాకి ఈక గుంతల్లో చేరతాయి. మెలనిన్ రెండు రకాలు: నలుపునూ ముదురు గోధుమనూ ఇచ్చేది యూమెలనిన్, ఎరుపునూ పసుపునూ ఇచ్చేది ఫియోమెలనిన్. కాకిలో మొదటిది నిండుగా ఉంటుంది, డేగలో రెండోది ముందుకొస్తుంది, సేతువలో రెండూ ఈకకు చేరవు. నల్ల పుంజు తోక మీద ఎండ పడినప్పుడు కనిపించే పచ్చని మెరుపుకు మాత్రం వేరే వర్ణకం ఏదీ లేదు. మెలనిన్ రేణువులు, వాటిపై కెరటిన్ పొర పేర్చుకున్న తీరులో వెలుతురు చెదరడం వల్ల ఆ మెరుపు వస్తుంది. నెమలి పింఛంలోని నీలం కూడా ఇలాంటిదే.

పెరగడం పూర్తయ్యాక ఈక ప్రాణం లేని వస్తువు. దాని కాడ ఎండిపోతుంది, రక్తం ఆగిపోతుంది, ఇక లోపలి నుంచి రంగు మారే మార్గం లేదు. ఎండకు వెలవడమో, మట్టికి మాయడమో తప్ప ఉన్న ఈక రంగు మారదు. రంగు మారాలంటే ఆ ఈక రాలి అదే గుంతలో మరొకటి మొలవాలి. వయసుతో కోడి రంగు మారిందని చెప్పడమంటే ఈక మారిందని చెప్పడమే.

పొదిగిన 21వ రోజున పెంకు పగిలి బయటికి వచ్చే పిల్లకు ఉండేది నూగు. అడవికోడి వర్ణక్రమం ఉన్న పిల్ల వీపు మీద ముదురు గోధుమ చారలు తల నుంచి తోక దాకా పొడవునా ఉంటాయి, ఎండుగడ్డిలో దాగడానికి అది ప్రకృతి ఇచ్చిన ముసుగు. గోధుమ రంగు పెట్టలనిచ్చే మరొక జన్యురూపంలో పిల్ల దాదాపు చారలు లేకుండా లేత మీగడ వన్నెలో ఉంటుంది, ఎదిగిన పుంజు మాత్రం పైన చెప్పిన చారల పిల్ల ఎదిగినట్టే, రొమ్ము నలుపుగా మెడ ఎరుపుగా తయారవుతుంది. అంటే పిల్లప్పుడు బొత్తిగా పోలికలేని రెండు పక్షులు పెద్దయ్యాక ఒకే డేగలా కనిపించవచ్చు. దీనికి ఎదురు ఉదాహరణ కాకి. నల్లకోడి పిల్లకు వీపు నల్లగా ఉన్నా పొట్ట, గొంతు, రెక్కల చివరలు తెల్లగానో పసుపుగానో ఉంటాయి. ఇది కల్తీకి గుర్తు కాదు, నలుపును నిండుగా ఇచ్చే జన్యువు నూగు దశలో ఇలాగే కనిపిస్తుంది. స్వచ్ఛమైన కాకి కావాలని తెల్ల పొట్ట పిల్లలను ఏరి పారేసే పెంపకందారు తనకు కావలసినదాన్నే పారేస్తున్నాడు.

నూగు తరువాత వచ్చే బాల్యపు ఈక రెక్కలతో, తోకతో మొదలై నాలుగు నుంచి ఆరు వారాల్లో ఒంటిని కప్పుతుంది. ఈ దశలో పుంజుపిల్లా పెట్టపిల్లా దాదాపు ఒకేలా, పెట్ట పోలికలో, సన్నని చుక్కల గోధుమ రంగులో ఉంటాయి. రెండో నెలలో అడవికోడి వర్ణమున్న పుంజుపిల్ల రొమ్ము మీద నల్లని ఈకలు అక్కడక్కడ తొంగిచూస్తాయి. మూడో నెల ప్రాంతంలో మెడ మీదా నడుము మీదా మొన తేలిన సన్నని ఈకలు మొదలవుతాయి. పెట్టకు ఆ చోట్ల గుండ్రని చివరలున్న ఈకలే వస్తాయి గనుక రంగు తేలకపోయినా మగ ఆడ తేల్చడానికి ఆ మొన చాలు. ఐదారు నెలలకు ఒంటి మీద పెద్ద ఈక చేరుతుంది, కానీ రెక్కల చివరి పది పెద్ద ఈకలు లోపలి నుంచి బయటికి ఒక్కొక్కటిగా మారుతూ వస్తాయి గనుక బయటి అంచున ఒకటి రెండు పాత ఈకలు ఇంకా మిగిలి ఉండవచ్చు. నల్ల పుంజు రెక్క చివర కనిపించే తెల్లని మొన చాలాసార్లు ఈ బాల్యపు ఈకదే. అది రాలి మొలిచాక తెలుపు మిగిలితేనే లోపమని అనాలి. తోకలోని కొడవలి ఈకలు అన్నిటికన్నా ఆలస్యం; చిలుకముక్కు పుంజు తోక పూర్తి పొడవు చూడాలంటే రెండో ఏడు దాకా ఓపిక పట్టాలి. కన్ను కూడా అంతే, లేత వయసులో పసుపుగా ఉండే అసీల్ కన్ను వయసు ముదిరేకొద్దీ తెల్లబడి ముత్యపు వన్నెకు వస్తుంది.

పుంజు ఈకకూ పెట్ట ఈకకూ తేడా ఎక్కడి నుంచి వస్తుందో కనిపెట్టిన కథ ఈ శాస్త్రంలో అందమైన ఘట్టం. పుంజు రంగులు మగ హార్మోను వల్ల వస్తాయని ఎవరైనా అనుకుంటారు, నిజం దానికి తలకిందులు. ఈక గుంత తనంతట తానుగా పుంజు ఈకనే మొలిపిస్తుంది. అండాశయం నుంచి వచ్చే ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోను దాన్ని ఆపి పెట్ట ఈకగా మారుస్తుంది. అందుకే పుంజుకు విత్తులు తీసేసినా దాని మెరిసే ఈకలు పోవు, తురాయి మాత్రం ముడుచుకుపోతుంది. సీబ్రైట్ అనే చిన్న జాతిలో పుంజులకు కూడా పెట్ట ఈకలే ఉంటాయి. అమెరికన్ జన్యుశాస్త్రవేత్త థామస్ హంట్ మోర్గాన్ ఆ పుంజులకు విత్తులు తొలగించినప్పుడు, తరువాత మొలిచిన ఈకలు మామూలు పుంజు ఈకలుగా వచ్చాయి. 1919లో ఆయన ఆ ఫలితాలను గ్రంథంగా వెలువరించాడు. ఆ జాతి పుంజుల చర్మం మగ హార్మోనును ఆడ హార్మోనుగా మార్చుకోవడమే అందుకు కారణమని తరువాతి తరం శాస్త్రవేత్తలు తేల్చారు.

ఊళ్లలో ముసలి పెట్ట ఒకటి గుడ్లు మాని, మెడకు పొడవాటి ఈకలు పెంచి, తెల్లవారుజామున కూతపెట్టడం మొదలైతే ఇంటికి అరిష్టమని దాన్ని కోసేయడం ఉంది. కోడిలో సాధారణంగా ఎడమ అండాశయం ఒక్కటే పనిచేస్తుంది. జబ్బు వల్లనో వయసు వల్లనో అది చెడిపోతే ఈస్ట్రోజన్ తగ్గిపోయి, తరువాత ఈకలు మార్చుకునేటప్పుడు గుంతలన్నీ తమ సహజమైన పుంజు ఈకలను మొలిపిస్తాయి. మూఢభయం ఒక్క దేశానిది కాదు. స్విట్జర్లండ్‌లోని బాసెల్ నగరంలో 1474లో గుడ్డు పెట్టిందన్న నేరానికి ఒక పుంజుపై విచారణ జరిపి కాల్చివేశారు. అరిష్టం ఏమీ లేదు, అండాశయం పని ఆగింది, అంతే.

పెద్ద ఈక వచ్చిన పక్షి ఆ తరువాత దాదాపు ఏడాదికొకసారి ఒంటి ఈకలన్నీ మార్చుకుంటుంది. పగటి పొద్దు తగ్గడం దీనికి ముఖ్యమైన సంకేతం. తల, మెడ, రొమ్ము, ఒళ్లు, రెక్కలు, తోక అనే వరుసలో పాతవి రాలి కొత్తవి వస్తాయి, రెండు నుంచి నాలుగు నెలలు పడుతుంది, ఆ కాలంలో పెట్ట గుడ్లు పెట్టదు. సుమారు 14 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉన్న పరిగి, హిందూపురంలో అత్యంత దీర్ఘమైన పగటికీ అత్యంత హ్రస్వమైన పగటికీ తేడా రెండు గంటల లోపే గనుక చలి దేశాల్లో లాగా ఇక్కడి కోళ్లన్నీ ఒకే నెలలో ఈకలు రాల్చవు. ఈ మార్పులో అందరూ గమనించే వింత చుక్కల కోడిది. నల్ల ఈక చివర తెల్ల చుక్క ఉండే జన్యురూపంలో పిల్లకు తెలుపు చాలా ఉంటుంది, మొదటి పెద్ద ఈకలో అది తగ్గి నలుపు ఎక్కువవుతుంది, ఆపైన ఏటేటా ప్రతి మార్పులోనూ తెలుపు మళ్లీ పెరుగుతూ పోయి నాలుగైదేళ్ల పెట్ట మొదటి ఏటికన్నా బాగా తెల్లగా కనిపిస్తుంది. చుక్కలు మరీ తక్కువని మొదటి ఏట తోసేసిన పక్షి మూడో ఏట ప్రదర్శనకు సరిగ్గా తూగవచ్చు; మొదటి ఏట నిండుగా చుక్కలున్నది మూడో ఏటికి తెల్లబారిపోవచ్చు.

ఎర్ర అడవికోడిలో మరొక తీరు ఉంది. పిల్లలు పెట్టే కాలం దాటాక దాని మగపక్షి మెడలోని బంగారు ఈకలు రాలి, వాటి చోట పొట్టి నల్లని ఈకలు కొంతకాలం ఉండి, మళ్లీ బంగారు ఈకలు వస్తాయి. పెంపుడు పుంజు ఈ అలవాటును దాదాపుగా కోల్పోయింది. పెంపుడు కోడికి మూలం ఈ ఎర్ర అడవికోడేనని చార్లెస్ డార్విన్ 1868లో వాదించాడు. కాళ్లకూ చర్మానికీ పసుపునిచ్చే జన్యువు మాత్రం దక్షిణ భారతపు బూడిద అడవికోడి నుంచి వచ్చి కలిసిందని 2008లో స్వీడన్ శాస్త్రవేత్తలు చూపారు. డార్విన్ స్వయంగా నల్ల స్పానిష్ పుంజును తెల్ల సిల్కీ పెట్టతో జతకట్టించగా ఆ సంతానంలో అడవికోడిని పోలిన ఎర్రని పుంజు ఒకటి పుట్టింది. రంగులు విచ్చలవిడిగా కలిసిన ఊరి మందలో డేగలూ నెమళ్లూ మళ్లీ మళ్లీ తేలి రావడానికి ఇదే కారణం: ఒక రంగును దాచిన జన్యువు మరొకదానితో కలిసి వీడిపోయినప్పుడు అడుగున ఉన్న పాత వర్ణక్రమం బయటపడుతుంది.

వంశం కట్టాలనుకునేవారు తెలుసుకోవలసిన జన్యుసూత్రాల్లో రెండిటికి ఇక్కడ చోటిస్తే సరిపోతుంది. మనుషుల్లో బిడ్డ ఆడో మగో నిర్ణయించేది తండ్రి, కోళ్లలో తల్లి. పుంజుకు జెడ్ అనే క్రోమోజోములు రెండు ఉంటాయి, పెట్టకు ఒక్కటే. ఎరుపు పసుపు వన్నెను అణచి వెండి తెలుపుగా మార్చే జన్యువూ, ఈక మీద అడ్డచారలు వేసే జన్యువూ ఈ జెడ్ మీదే ఉన్నాయి గనుక, పెట్ట తన వెండిని కొడుకులకు మాత్రమే ఇస్తుంది, కూతుళ్లు తండ్రి రంగును తీసుకుంటాయి. డేగ పుంజును వెండి పెట్టతో జతకట్టిస్తే పుంజుపిల్లలు వెండి అంశతోనూ పెట్టపిల్లలు బంగారు అంశతోనూ పుడతాయి, నూగు వన్నెలోనే మగ ఆడ తెలిసిపోతుంది. అలాంటి పుంజు ఎదిగాక రెక్క భుజం మీద ఎరుపు జాడ తరచు కనిపిస్తుంది. ఆ జాడ అది ఒకే మోతాదు వెండి మోస్తోందని చెప్పే గుర్తు. అడ్డచారల జన్యువు నల్ల నూగు మీద తలపై తెల్ల మచ్చ వేస్తుంది, గోధుమ నూగున్న జాతుల్లో అయితే పుంజుపిల్లకు మచ్చ పెద్దదిగా నూగు వెలిసినట్టుగా ఉంటుంది. కేంబ్రిడ్జిలో పున్నెట్, పీజ్ 1929లో కేంబార్ అనే జాతిని ఈ సూత్రంతోనే తయారుచేశారు.

రెండోది నీలిబూడిద రంగుది. ఈ రంగు కోళ్లను రెండిటిని జతకట్టించి అన్నీ అదే రంగు రావాలని ఆశించేవారు నిరాశ పడతారు, ఎందుకంటే సగటున నాలుగింట ఒకటి నల్లగా, రెండు నీలిబూడిదగా, ఒకటి మాసిన తెలుపు మీద చుక్కలతో వస్తాయి. ఆ నల్లదానిని మాసిన తెల్లదానితో జతకడితే పిల్లలన్నీ నీలిబూడిదే. పారేయదగినవిగా కనిపించే రెండు పక్షులు కలిసి కోరిన రంగును నూటికి నూరుపాళ్లు ఇస్తాయి. కొన్ని జాతుల్లో ప్రదర్శన పుంజుకు కావలసిన రంగూ ప్రదర్శన పెట్టకు కావలసిన రంగూ ఒకే తల్లిదండ్రుల నుంచి రావు గనుక బ్రిటిష్ పెంపకందారులు పుంజుల కోసం ఒక వంశం, పెట్టల కోసం ఒక వంశం వేరువేరుగా నడిపారు. ఇద్దరు పిల్లలను రెండు బడుల్లో చదివించినంత పని అది, చిన్న పెంపకందారుకు భరించడం కష్టం.

జన్యువు ఇచ్చిన రంగును తిండి, ఎండ చెడగొట్టగలవు. ఈకలో అత్యధిక భాగం మాంసకృత్తే, అందులో గంధకం ఉన్న సిస్టీన్ ఎక్కువ. దాన్ని ఒళ్లు మెథియోనిన్ అనే అవసర పదార్థం నుంచి తయారుచేసుకుంటుంది. ఈ ప్రాంతంలో చౌకగా దొరికే వేరుశనగ చెక్కలో మాంసకృత్తు మెండుగా ఉన్నా మెథియోనిన్, లైసిన్ రెండూ తక్కువ. నువ్వుల చెక్కలో మెథియోనిన్ బాగుంటుంది, లైసిన్ లోటు. రాగులు ధాన్యాల్లో మెథియోనిన్‌కు మెరుగైనవి. హిందూపురం, ధర్మవరం పట్టు పరిశ్రమ నుంచి మిగిలే పట్టుపురుగు ప్యూపాలో ఈ రెండూ దండిగా ఉంటాయి. నూనె తీసి ఎండబెట్టిన ప్యూపా పొడిని మితంగా కలిపితే వేరుశనగ చెక్క లోటు చాలావరకు తీరుతుంది. లైసిన్ బాగా లోపించినప్పుడు కంచు రంగు టర్కీల రెక్క ఈకలు తెల్లగా మొలుస్తాయని చాలాకాలం కిందటే పరిశోధకులు గమనించారు, అంటే తిండి లోపం జాతి లోపంలా కనిపించగలదు. ఈక పెరిగే రోజుల్లో ఆకలో జబ్బో వచ్చి పోతే ఆ నాటి ఈకలో అడ్డంగా సన్నని బలహీనపు గీత పడుతుంది. కాలానుగుణంగా చెట్టు మానులో వలయం పడినట్టే ఈకలో ఆ కష్టం నమోదవుతుంది. గాయమై ఈక గుంతలోని వర్ణకణాలు చచ్చిపోతే ఆ చోట తెల్ల ఈక మొలుస్తుంది, దానిని సంతానానికి అందే లోపంగా లెక్కించకూడదు.

అనంతపురం సీమ ఎండ గురించి ఇక్కడి పాఠకులకు చెప్పవలసిన పని లేదు. ఎరుపు, బంగారు ఈకలు ఆ ఎండకు వెలుస్తాయి, తెల్ల సేతువ మెడా వీపూ ఇత్తడి పసుపుకు తిరుగుతాయి. తెల్లకోడికి మొక్కజొన్న ఎక్కువగా పెట్టినా ఆ పసుపు తేలుతుంది, ఎందుకంటే మొక్కజొన్నలోని పసుపు వర్ణకం కొవ్వుతో పాటు ఈకకు చేరుతుంది. అదే వర్ణకం పెట్ట కాళ్లకూ ముక్కుకూ పసుపునిస్తుంది. గుడ్లు పెట్టేకొద్దీ అది పచ్చసొనలోకి తరలిపోయి మలద్వారం, కంటి అంచు, ముక్కు, చివరగా కాళ్లు అనే వరుసలో పాలిపోతాయి, గుడ్లు ఆపితే అదే వరుసలో తిరిగి వస్తుంది. పాలిపోయిన కాళ్ల పెట్టను చూసి రంగు దిగజారిందనడం తొందరపాటు, అది కష్టపడి గుడ్లు పెట్టిన పెట్ట. ప్రదర్శనకు ఎంచిన పక్షిని కొత్త ఈక మొలిచే నెలల్లో చెట్టు నీడన, గంప కింద లేదా కప్పు ఉన్న పాకలో ఉంచడం అందుకే అవసరం.

ఇంత తెలిశాక పెంపకందారు చేయవలసిన పని పెద్ద ఖర్చుతో కూడినది కాదు. పిల్ల కాలికి గుర్తు కట్టి, పొదిగిన తేదీ, తల్లి తండ్రి వివరం నోటుపుస్తకంలో రాసి, పుట్టిన రోజున, రెండో నెలలో, ఆరో నెలలో, మొదటి ఏటి ఈకమార్పు తరువాత, ఒకే చోట ఒకే వెలుతురులో ఫోటో తీసి పెట్టుకుంటే మూడు తరాలలో తన వంశం రంగు ఎలా తేలుతుందో అతనికి ఎవరూ చెప్పనవసరం ఉండదు. కుంటి కాలు, వంకర ముక్కు, మెడ తిరుగుడు వంటి ఒంటి లోపాలను మొదటి నెలల్లోనే ఏరివేయవచ్చు. రంగు విషయంలో మాత్రం కనీసం ఏడాది నిండేదాకా, పొడవు తోక జాతులకు ఏడాదిన్నర దాకా తీర్పు ఆపాలి.

ఈ ప్రాంతానికి ఇది ఆటవిడుపు వ్యవహారం కాదు. బెంగళూరులో రూపొందిన గిరిరాజ, హైదరాబాదులో రూపొందిన వనరాజ వంటి రంగు కోళ్లు పల్లెలకు గుడ్లూ మాంసమూ సమృద్ధిగా ఇచ్చాయి, ఆ మేలు కాదనలేనిది; అయితే ఇవి ఊరి మందల్లో కలిసి తిరిగిన చోట నాటు వంశాలు విడివిడిగా నిలవడం కష్టమవుతుంది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ అసీల్‌తో పాటు ఘాగస్‌ను కూడా తన మందల్లో కాపాడుతోంది. ఒక సంస్థ ఆవరణలోని మంద జాతికి బీమా మాత్రమే, జాతి బతకవలసింది అది పుట్టిన దొడ్లలో. గొంతు కింద గడ్డంలా ఈకలు వేలాడే గోధుమ పెట్ట, బంగారు మెడ నల్ల రొమ్ము పుంజు పరిగి, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పల్లెల్లో ఎవరి ఇంట ఉన్నా వాటిని బ్రాయిలర్ తరహా సంకర కోళ్లతో కలవనీయక వేరుగా జతకట్టించి, వాటి పిల్లలను రంగు చూసి ముందే అమ్మేయక ఏడాది ఉంచి, మంచివాటిని పొరుగు ఊరి మరో పెంపకందారుతో గుడ్ల మార్పిడికి ఇవ్వమని ఈ ప్రాంతపు పెంపకందారులకు మనవి.